మహానగర సబర్బన్ రైలు మార్గ ప్రణాళిక

నిర్వచనం, పరిధి

మహానగరంలో పనిచేస్తూ శివార్లలోనో చుట్టుపక్కల పట్టణాల్లోనో కాపురముండే వారిని పొద్దున తీసుకొచ్చి సాయంత్రం ఇంటికి చేర్చే రైలు వ్యవస్థ సబర్బన్ రైలు. ముంబై, చెన్నై, కోల్‌కతాల్లో జనం దీన్ని లోకల్ అంటారు. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ అంటారు. కొత్త మార్గం ఎక్కడి నుంచి ఎక్కడికి వేయాలి, ఎన్ని స్టేషన్లు పెట్టాలి, ఎన్ని నిమిషాలకో రైలు నడపాలి, భూమి, డబ్బు ఎవరివ్వాలి, కట్టాక ఎవరు నడపాలి అన్న ప్రశ్నలకు పట్టాలు పడకముందే జవాబులు సిద్ధం చేయడమే ఈ ప్రణాళిక పని.

మెట్రోకూ సబర్బన్ రైలుకూ తేడా ఉంది. మెట్రోలో స్టేషన్ల మధ్య దూరం కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. సబర్బన్ మార్గంలో సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోమీటర్లు. మెట్రో తన సొంత పట్టాల మీదే తిరుగుతుంది. సబర్బన్ రైలు మాత్రం చాలాచోట్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ రైళ్లు తిరిగే పట్టాలనే పంచుకుంటుంది.

ప్రణాళికలో మొదటి చిక్కు ఈ పంపకం దగ్గరే వస్తుంది. ఉన్న పట్టాలు వాడుకుంటే ఖర్చు తక్కువ; కానీ ఎన్ని రైళ్లు నడపగలరు, అవి వేళకు వస్తాయా అన్నది మిగతా రైళ్ల రాకపోకల మీద ఆధారపడుతుంది. విడిగా వేసుకుంటే టైంటేబుల్ మీద పట్టు దొరుకుతుంది. ఖర్చు, భూసేకరణ మాత్రం ఎన్నోరెట్లు పెరుగుతాయి. స్టేషన్లు, సిగ్నళ్లు, నిధులు, యాజమాన్యం వంటి తర్వాతి నిర్ణయాలు చాలావరకు ఈ ఒక్క ఎంపికను బట్టే ఉంటాయి.

*చూడండి: మెట్రో రైలు, నగర రవాణా*

చరిత్ర

నగరంలోకి రోజువారీ ప్రయాణికులను చేరవేసిన తొలి రైలు మార్గాల్లో లండన్–గ్రీనిచ్ లైను ఒకటి. 1836లో మొదలైన ఈ మార్గాన్ని ఇళ్ల మీదుగా పోయేలా 878 ఇటుక కమానుల వంతెనపై కట్టారు. రద్దీ నగరంలో రోడ్లను దాటుకుంటూ రైలును ఎలా తీసుకుపోవాలన్న ప్రశ్న ఈ వ్యవస్థ పుట్టుకతోనే ఉందన్నమాట.

భారతదేశంలో 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచిన తొలి ప్రయాణికుల రైలు మార్గమే ఆ తర్వాత ముంబై సబర్బన్ వ్యవస్థకు వెన్నెముక అయింది. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు దేశంలో తొలి విద్యుత్ రైలు నడిచింది. 1931లో మద్రాసు బీచ్–తాంబరం మీటర్ గేజి మార్గంలో విద్యుత్ లోకల్ రైళ్లు వచ్చాయి. హౌరా నుంచి 1957లో మొదలయ్యాయి. ఈ నగరాల్లో రైలు ముందు వచ్చింది, శివారు తర్వాత పెరిగింది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఊరు ముందు విస్తరించింది. సబర్బన్ రైలు దాన్ని వెతుక్కుంటూ వెనక నుంచి రావలసి వచ్చింది.

జపాన్‌లో రైలు కంపెనీలే శివార్లను సృష్టించాయి. కొబయాషి ఇచిజో నడిపిన మినో–అరిమా రైల్వే 1910లో ఒసాకా నుంచి మొదలైంది. లైను పొడవునా స్థలాలు కొని, ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మింది. రెండో కొసన తకరజుకాలో వినోద కేంద్రం పెట్టడంతో పొద్దున నగరం వైపు, సెలవు రోజుల్లో నగరం నుంచి బయటికి రైళ్లు నిండేవి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లు పెరిగాయి. వాటికి దీటుగా ఐరోపా నగరాలు పాత శివారు లైన్లను నగరం కింద సొరంగాలతో కలపసాగాయి. మ్యూనిక్‌లో 1972 ఒలింపిక్స్‌కు ముందు, పారిస్‌లో 1977లో, లండన్‌లో 2022లో ఇలాంటి నగరాంతర మార్గాలు ప్రారంభమయ్యాయి.

రకాలు

*పంచుకునే మార్గాలు.* దూరప్రాంత రైళ్లు తిరిగే పట్టాల మీదే లోకల్ నడుస్తుంది. హైదరాబాద్ ఎంఎంటీఎస్ ప్రధానంగా ఈ కోవలోది.

*ప్రత్యేక మార్గాలు.* సబర్బన్ రైళ్లకే వేరుగా పట్టాలుంటాయి. బెంగళూరు సబర్బన్ పథకాన్ని ఇలా రూపొందించారు. దాదాపు 148 కిలోమీటర్లు, నాలుగు కారిడార్లు, రూ.15,767 కోట్ల అంచనాతో కేంద్ర మంత్రివర్గం 2020 అక్టోబరులో ఆమోదించింది. 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. కారిడార్లకు సంపిగె, మల్లిగె, పారిజాత, కనక అని పూల పేర్లు పెట్టారు.

*నగరాంతర మార్గాలు.* ఒక శివారు నుంచి బయలుదేరిన రైలు నగరం నడిమధ్య ఆగిపోకుండా మరో శివారుకు సాగిపోతుంది. చివరి స్టేషన్‌లో డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు మారి తిరుగు ప్రయాణం మొదలుపెట్టే దాకా ప్లాట్‌ఫాం చిక్కుబడి ఉంటుంది. సాగిపోయే రైలైతే నిమిషంలోపే ఖాళీ చేస్తుంది. అందువల్ల అన్నే ప్లాట్‌ఫాంలతో ఎన్నోరెట్లు ఎక్కువ రైళ్లు నడుస్తాయి.

*ప్రాంతీయ వేగ మార్గాలు.* ఇక్కడ స్టేషన్లు దూరం దూరంగా, వేగం ఎక్కువగా ఉంటాయి. 82 కిలోమీటర్ల ఢిల్లీ–మీరట్ మార్గాన్ని గంటకు 180 కిలోమీటర్ల డిజైన్ వేగంతో కట్టారు. సాహిబాబాద్–దుహాయి మధ్య 17 కిలోమీటర్ల తొలి భాగం 2023 అక్టోబరు 20న ప్రారంభమైంది. మీరట్ నగరంలో అవే పట్టాల మీద స్థానిక మెట్రో కూడా నడిచేలా ఏర్పాటు చేశారు.

*మార్చిన గూడ్స్ లేదా వలయ మార్గాలు.* సరుకు రైళ్ల కోసం వేసిన లైన్లకు ప్రయాణికుల స్టేషన్లు జోడిస్తారు. పట్టాలున్నంత మాత్రాన జనం ఎక్కుతారన్న హామీ లేదు. 1975లో వేసిన ఢిల్లీ రింగ్ రైల్వేను 1982 ఆసియా క్రీడల కోసం ప్రయాణికులకు అనువుగా మెరుగుపరిచారు. స్టేషన్లకు రోడ్డు, బస్సు సదుపాయం సరిగా లేక, చుట్టూ పెద్దగా జనవాసాలు లేక దాదాపు 35 కిలోమీటర్ల ఆ వలయంలో రైళ్లు ఖాళీగా తిరిగాయి.

ప్రయాణ అవసరాల అంచనా

ప్రణాళిక సర్వేతో మొదలవుతుంది. ఇంటింటికీ వెళ్లి కుటుంబంలో ఎవరు ఎక్కడికి, ఏ వేళకు, దేనిమీద వెళ్తున్నారో నమోదు చేస్తారు. రోడ్ల కూడళ్లలో వాహనాలు లెక్కిస్తారు. బస్టాపుల్లో ప్రయాణికులను అడుగుతారు.

ఈ సమాచారంతో నాలుగంచెల నమూనా నడుపుతారు. ఏ ప్రాంతం నుంచి ఎన్ని ప్రయాణాలు పుడతాయి, అవి ఎక్కడికి చేరతాయి, వాటిలో ఎన్ని బస్సుకు, ఎన్ని బైకుకు, ఎన్ని రైలుకు వెళ్తాయి, చివరికి ఏ దారి పడతాయి అన్నవి ఆ నాలుగు అంచెలు. అమెరికాలో 1950ల నాటి డెట్రాయిట్, షికాగో రవాణా అధ్యయనాల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతే మార్పుచేర్పులతో నేటికీ వాడుకలో ఉంది.

మూడో అంచె సున్నితమైనది. రైలు పది నిమిషాలకొకటి వస్తుందని లెక్కవేసి, తీరా గంటకొకటి నడిపితే అంచనా మొత్తం తలకిందులవుతుంది. ఇంటి నుంచి స్టేషన్‌కు, దిగాక ఆఫీసుకు పట్టే సమయం కూడా ఇక్కడే లెక్కకు రావాలి. ప్రయాణికుడు రైల్లో కూర్చునే ఇరవై నిమిషాలను ఒక్కటే చూడడు. ఆటో కోసం నిలబడే పది నిమిషాలు అతనికి మరింత భారంగా తోస్తాయి. అందుకే నమూనాల్లో నిరీక్షణకు ప్రయాణ సమయం కన్నా ఎక్కువ బరువు ఇస్తారు.

*చూడండి: నగర జనాభా గణాంకాలు, బస్సు రవాణా*

అలైన్‌మెంట్, స్టేషన్ల ఎంపిక

మార్గం పోయే గీతను ఇంజనీర్లు అలైన్‌మెంట్ అంటారు. మ్యాపు మీద రెండు మూడు ప్రత్యామ్నాయాలు గీసి ఒక్కోదానికి ఖర్చు, భూమి, ప్రయాణికులు, పర్యావరణం లెక్కగట్టి పోలుస్తారు. వంపు ఎక్కువైతే వేగం తగ్గుతుంది. ఎత్తుపల్లాలు ఎక్కువైతే వంతెనలో, కోతలో తప్పవు.

స్టేషన్లు ఎన్ని ఉండాలన్నది నిత్యం వివాదం రేపే అంశం. ప్రతి కాలనీ తమ దగ్గర ఒకటి కావాలంటుంది. ప్రతి స్టేషన్ కొంత సమయం తినేస్తుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్ల చొప్పున పోయే రైలును తీసుకుందాం. సెకను సెకనుకు అర మీటరు చొప్పున వేగం మార్చుకోగల రైలైతే ఆగడానికి 50 సెకన్లు, మళ్లీ వేగం అందుకోవడానికి 50 సెకన్లు పడతాయి. ఈలోగా అది 1,250 మీటర్లు సాగుతుంది. ఆగకుండా పోయి ఉంటే ఆ దూరానికి 50 సెకన్లే చాలు. ప్లాట్‌ఫాం మీద నిలిచే 30 సెకన్లు కలుపుకుంటే ఒక్క స్టేషన్ వల్ల పోయే సమయం 80 సెకన్లు. అలాంటివి 15 ఉంటే 20 నిమిషాలు.

రైలుకు పికప్ ఎక్కువుంటే ఈ నష్టం తగ్గుతుంది. సెకను సెకనుకు 0.8 మీటర్ల చొప్పున వేగం మార్చుకోగలిగితే ఒక్కో స్టేషన్‌కు 61 సెకన్లే పోతాయి. 15 స్టేషన్ల మీద దాదాపు 5 నిమిషాలు మిగులుతాయి. ఇంజన్ లాగే రైళ్ల బదులు, చాలా చక్రాలకు మోటార్లుండే ఈఎంయూ రైళ్లను సబర్బన్ సర్వీసులకు ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

టైంటేబుల్, లైను సామర్థ్యం

కట్టడం పూర్తయ్యాక టైంటేబుల్ రాయడం పాత పద్ధతి. స్విట్జర్లాండ్ దీన్ని తిరగేసింది. ఏ రైలు ఏ జంక్షన్‌కు ఏ నిమిషానికి చేరాలో ముందు నిర్ణయించి, దానికి అడ్డొచ్చే చోటే సొరంగమో అదనపు లైనో కట్టడం అక్కడి ఆనవాయితీ. జ్యూరిక్ సబర్బన్ వ్యవస్థకు 1981లో ప్రజలు ఓటు వేసి నిధులు ఆమోదించారు. 1990 మేలో రైళ్లు మొదలయ్యాయి. అదే ఏడాది ఆ ప్రాంతంలో రైలు, ట్రామ్, బస్సు, పడవలకు ఒకే టికెట్ వచ్చింది.

ఎన్ని రైళ్లు కొనాలన్నది కూడా టైంటేబులే చెబుతుంది. ఒక కొస నుంచి మరో కొసకు 50 నిమిషాలు, చివర్లో తిరగడానికి 10 నిమిషాలు పట్టే మార్గాన్ని ఊహిస్తే ఒక రేక్, అంటే ఒక పూర్తి రైలు సెట్టు, వెళ్లి మళ్లీ బయలుదేరే చోటికి సిద్ధంగా రావడానికి 120 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకో రైలు కావాలంటే 12 రేక్‌లు, మరమ్మతుల కోసం పక్కన ఒకటి రెండు ఉండాలి. పైన చెప్పిన 5 నిమిషాల ఆదా రానూ పోనూ వర్తిస్తే 110 నిమిషాలే పడతాయి కనుక 11 రేక్‌లతో అదే సేవ నడుస్తుంది. ఒక్కో రైలు 2,000 మందిని మోస్తే గంటకు ఆరు రైళ్లతో ఒక దిశలో 12,000 మంది వెళ్తారు. డిపో ఎంత పెద్దదుండాలి, కరెంటు ఎంత కావాలి, సిబ్బంది ఎందరు అన్నవన్నీ ఈ అంకెల నుంచే పుడతాయి.

పంచుకునే పట్టాల మీద ఈ లెక్క అంత సాఫీగా సాగదు. అరగంట ఆలస్యంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఒక్కటి లోకల్ రైలు వేళను ఆక్రమిస్తుంది. దాని వెనకవన్నీ జరుగుతాయి. మూడో లైను, నాలుగో లైను, జంక్షన్ దగ్గర పై నుంచి దాటే వంతెన, బయట ఇంకో టెర్మినల్ వంటివి ఈ ఇబ్బంది తగ్గించే మార్గాలు.

*చూడండి: రైల్వే సిగ్నలింగ్, టెర్మినల్ స్టేషన్లు*

సాంకేతిక ఎంపికలు

*విద్యుత్తు.* భారతీయ రైల్వేలో ప్రామాణికం 25 కిలోవోల్టుల ఏసీ. ముంబై చాలాకాలం 1,500 వోల్టుల డీసీతో నడిచి, 2016 నాటికి ఏసీకి మారడం పూర్తిచేసింది. స్థానిక పరిస్థితి ఒక్కోసారి అనుకోని షరతు పెడుతుంది. టోక్యో నుంచి పోయే సుకుబా ఎక్స్‌ప్రెస్ మార్గం మోరియా దాకా డీసీ, ఆపైన ఏసీ. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కకియోకా పరిశోధనాలయం దగ్గర్లో ఉండటమే కారణం. డీసీ కరెంటు దాని కొలతలను చెడగొడుతుంది. అందువల్ల రెండు రకాల కరెంటుతోనూ నడిచే ఖరీదైన రైళ్లు కొనాల్సి వచ్చింది.

*సిగ్నలింగ్.* పాత పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒకే లైనులో ఒకసారికి ఒకే రైలును వదులుతారు. ఆటోమేటిక్ సిగ్నలింగ్‌లో ఆ దూరాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడంతో ఒకదాని వెనక ఒకటి పోగలవు. ఢీకొనకుండా కాపాడే స్వదేశీ వ్యవస్థ కవచ్‌కు తొలి క్షేత్ర పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్–వాడి వైపు మార్గాల్లోనే జరిగాయి.

*ప్లాట్‌ఫాంలు.* భారతీయ రైల్వేలో ఎత్తు ప్లాట్‌ఫాం పట్టాల పైనుంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు ఉంటుంది. బోగీ నేల, ప్లాట్‌ఫాం సమంగా ఉంటే జనం వేగంగా ఎక్కి దిగుతారు. మెట్టు ఎక్కాల్సి వస్తే ఆగే సమయం పెరుగుతుంది, వృద్ధులకూ వికలాంగులకూ ప్రయాణం కష్టమవుతుంది.

*లెవెల్ క్రాసింగ్‌లు.* పది నిమిషాలకో రైలు రెండు దిక్కులా తిరిగే చోట గేటు గంటకు 12 సార్లు పడుతుంది. అందుకే రోడ్డు వంతెనలు, అండర్‌పాస్‌లు పథకంలో భాగమవుతాయి. గేట్ల పనితీరు ఎంత చిక్కు తెస్తుందో అమెరికాలోని డెన్వర్ చూసింది. అక్కడ విమానాశ్రయ రైలు మార్గం 2016 ఏప్రిల్‌లో మొదలయ్యాక గేట్లు ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు మూసి ఉండటంతో క్రాసింగ్‌ల దగ్గర చాలాకాలం మనుషులను కాపలా పెట్టారు. అదే వ్యవస్థపై ఆధారపడిన మరో లైను 2019 దాకా తెరుచుకోలేదు.

భూసేకరణ, పునరావాసం

భారత్‌లో రైల్వే ప్రత్యేక ప్రాజెక్టులకు రైల్వే చట్టానికి 2008లో చేసిన సవరణ కింద భూమి సేకరిస్తారు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టం పరిహారం, పునరావాసాలకు ప్రమాణాలు పెంచింది.

చిన్న ముక్క పెద్ద పథకాన్ని ఆపగలదు. చెన్నైలో వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా ఐదు కిలోమీటర్ల ఎత్తు మార్గంలో చాలాభాగం పూర్తయినా, ఆదంబాక్కం దగ్గర అర కిలోమీటరు భూమి పరిహారంపై కోర్టు కేసులతో ఏళ్ల తరబడి పని నిలిచిపోయింది.

ముంబైలో సమస్య మరో రకం. గుడిసెలు పట్టాలకు మరీ దగ్గరగా ఉన్నచోట రైళ్లు బాగా నెమ్మదించి పోవాల్సి వచ్చేది. ప్రపంచ బ్యాంకు రుణంతో సాగిన ముంబై నగర రవాణా పథకం తొలిదశలో రైలు, రోడ్డు పనుల కోసం సుమారు లక్షమందిని వేరేచోటికి తరలించారు. పట్టాల పక్క బస్తీల సమాఖ్య, స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి కుటుంబాల జాబితాలు తయారుచేయడంలో పాలుపంచుకున్నాయి. తరలిన చోటు నుంచి పనికి వెళ్లే దూరం పెరిగిందన్న ఫిర్యాదు ఇలాంటి పథకాలన్నిటిలోనూ వినిపిస్తుంది. కనుక ఎన్ని ఇళ్లు పోతాయన్న లెక్కతోపాటు, పోయినవారి జీవనోపాధి లెక్కను కూడా పునరావాస ప్రణాళికలో చేర్చాలి.

నిధులు, సంస్థాగత ఏర్పాటు

సబర్బన్ రైళ్ల టికెట్ల రాబడి చాలాచోట్ల నిర్వహణ ఖర్చుకే చాలదు. నిర్మాణ వ్యయం దాంతో తిరిగి రావడం అరుదు. అందుకే రకరకాల పంపకాలు పుట్టాయి.

- *కేంద్రం–రాష్ట్రం వాటాలు.* ముంబై రైల్వే వికాస్ కార్పొరేషన్‌ను 1999లో రైల్వే 51 శాతం, మహారాష్ట్ర 49 శాతం వాటాతో ఏర్పాటు చేశారు. బెంగళూరు పథకంలో కేంద్రం, రాష్ట్రం చెరో 20 శాతం, మిగతా 60 శాతం రుణాలు.
- *భూమి విలువ నుంచి రాబడి.* నవీ ముంబై నగరాన్ని అభివృద్ధి చేసిన సిడ్కో, 1992లో మొదలైన మాన్‌ఖుర్ద్–వాషి మార్గం ఖర్చులో మూడింట రెండొంతులు భరించింది. అక్కడి స్టేషన్ల మీద వాణిజ్య భవనాలు కట్టింది.
- *ప్రత్యేక చట్టంతో ముందస్తు భూసేకరణ.* జపాన్ 1989లో గృహనిర్మాణాన్నీ రైలు మార్గాన్నీ ఒకేసారి చేపట్టేందుకు చట్టం చేసింది. దాని కింద 58.3 కిలోమీటర్ల సుకుబా ఎక్స్‌ప్రెస్ 2005 ఆగస్టులో ప్రారంభమైంది.
- *వ్యాపారాలపై అదనపు పన్ను.* లండన్ ఎలిజబెత్ లైను కోసం 2010 నుంచి పెద్ద వ్యాపార భవనాలపై అదనపు సుంకం వసూలు చేశారు.

నిర్మించే సంస్థ, నడిపే సంస్థ, చార్జీలు నిర్ణయించే సంస్థ వేరువేరుగా ఉంటే నష్టాన్ని ఎవరు భరించాలో ఒప్పందంలోనే రాసుకోవాల్సి ఉంటుంది.

*చూడండి: రైల్వే బడ్జెట్, భూమి విలువ పన్ను*

అనుమతులు, భద్రతా తనిఖీ

భారత్‌లో సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్, తయారయ్యాక పెద్ద పథకాలు నీతి ఆయోగ్ పరిశీలన, ప్రభుత్వ పెట్టుబడుల బోర్డు దాటి కేంద్ర మంత్రివర్గానికి చేరతాయి. అటవీ భూమి ఉంటే వేరుగా అనుమతి కావాలి. రక్షణ శాఖ స్థలం, జాతీయ రహదారి, హైటెన్షన్ తీగలు, నీటి పైపులు దాటే ప్రతిచోటా సంబంధిత శాఖ సమ్మతి తీసుకోవాలి.

నిర్మాణం ముగిశాక రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి ధ్రువీకరిస్తేనే ప్రయాణికుల రైలు నడుస్తుంది. ఈ కమిషన్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తుంది. రైళ్లు నడిపేవారే భద్రతకు తీర్పరులు కాకూడదన్న ఉద్దేశంతో ఈ ఏర్పాటు చేశారు.

ఉదాహరణ: హైదరాబాద్ ఎంఎంటీఎస్

పట్టాల పంపకం ఎలా ఉంటుందో హైదరాబాద్ దగ్గర నుంచి చూపుతుంది. నిజాం కాలం నాటి రైలు మార్గాలు నగరాన్ని అడ్డంగా, నిలువుగా దాటుతూ అప్పటికే ఉన్నాయి. వాటికి చిన్న స్టేషన్లు, సిగ్నళ్లు, ఈఎంయూ రైళ్లు చేర్చి నగర రవాణాకు వాడుకోవాలన్నది పథకం. తొలిదశ ఖర్చును రైల్వే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెరిసగం పెట్టుకున్నాయి. 2003 ఆగస్టు 9న సికింద్రాబాద్, నాంపల్లిల నుంచి లింగంపల్లికి సేవలు మొదలయ్యాయి. సికింద్రాబాద్–ఫలక్‌నుమా మార్గం కూడా తొలిదశలోనిదే. ఐటీ కార్యాలయాలు పెరుగుతున్న పడమటి వైపు కొత్తగా హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది. అయితే అక్కడ దిగిన ఉద్యోగి ఆఫీసు దాకా మరో బస్సో ఆటోనో పట్టుకోవాలి.

రెండోదశ 2012–13లో రూ.816.55 కోట్ల అంచనాతో మంజూరైంది. ఈసారి రాష్ట్రానిది మూడింట రెండొంతులు, రైల్వేది ఒక వంతు. సికింద్రాబాద్–మేడ్చల్, ఫలక్‌నుమా–ఉందానగర్, సనత్‌నగర్–మౌలాలి, మౌలాలి–ఘట్‌కేసర్, తెల్లాపూర్–రామచంద్రాపురం మార్గాలు ఇందులో ఉన్నాయి. నిధుల విడుదలలో జాప్యం, సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ స్థలాల చిక్కు పనిని సాగదీశాయి, అంచనా రూ.1,169 కోట్లకు పెరిగింది.

మేడ్చల్, ఉందానగర్ సేవలు 2023 ఏప్రిల్ 8న ప్రారంభమయ్యాయి. 22 కిలోమీటర్ల సనత్‌నగర్–మౌలాలి మార్గం డబ్లింగ్, విద్యుదీకరణ ముగించుకుని 2024 మార్చి 5న తెరుచుకుంది. ఆ మార్గంలో ప్రయాణికుల రైళ్లు నడవడం అదే మొదలు. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డులలో కొత్త స్టేషన్ భవనాలు కట్టారు. రద్దీగా ఉండే సికింద్రాబాద్ జంక్షన్‌ను తాకకుండా తూర్పు శివారు నుంచి పడమటికి వెళ్లే వీలు ఈ మార్గంతో కలిగింది.

రైళ్ల సంఖ్యే ఈ వ్యవస్థకు పెద్ద పరిమితి. పట్టాలు ఎక్స్‌ప్రెస్‌లతో, గూడ్స్‌తో పంచుకోవాలి కనుక మెట్రోలా కొన్ని నిమిషాలకో రైలు నడపడం కుదరలేదు. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో వచ్చాక కొంతమంది అటు మళ్లారు. 2020 మార్చిలో కరోనా వల్ల ఆగిన ఎంఎంటీఎస్ మళ్లీ 2021 జూన్‌లోనే కదిలింది. మరోవైపు బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్, మలక్‌పేటల్లో మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉండటంతో ఒకదాని నుంచి మరోదానికి మారే అవకాశం ఉంది. దూరప్రాంత రైళ్ల భారాన్ని నగరం నడుమ నుంచి తప్పించేందుకు కట్టిన చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. దాని అంచనా వ్యయం సుమారు రూ.413 కోట్లు.

  

*చూడండి: దక్షిణ మధ్య రైల్వే; నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే; హైదరాబాద్ మెట్రో*

అంచనాలు తప్పే తీరు

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యేర్, సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో రైలు పథకాల ఖర్చు అంచనా కన్నా సగటున 45 శాతం పెరిగినట్లు తేలింది. 2005లో వచ్చిన మరో అధ్యయనంలో వారు చూసిన రైలు పథకాల్లో పదింట తొమ్మిది ప్రయాణికుల సంఖ్యను ఎక్కువగా ఊహించినవే. వాస్తవ ప్రయాణికులు సగటున అంచనాలో సగానికి అటూ ఇటూగా ఉన్నారు. పథకం మంజూరు కావాలన్న తాపత్రయం, అనుభవం లేమి, శివార్లు అనుకున్నంత పెరగకపోవడం, టికెట్ ధరలు, రైళ్ల సంఖ్య మారిపోవడం వంటి కారణాలను పరిశీలకులు చెబుతారు. విరుగుడుగా ఇప్పటికే పూర్తయిన పథకాల ఫలితాలతో కొత్త అంచనాను సరిచూసే పద్ధతి బ్రిటన్‌లో 2004 నుంచి వాడుకలోకి వచ్చింది.

అంచనా పద్ధతులు మెరుగైన దేశంలోనూ జాప్యం తప్పలేదు. లండన్ ఎలిజబెత్ లైను 2018 డిసెంబరులో మొదలవ్వాల్సింది. 2022 మే 24న తెరుచుకుంది. 2010లో 1,480 కోట్ల పౌండ్లుగా ఖరారైన ఖర్చు 1,900 కోట్లకు చేరువైంది. సొరంగాలు తవ్వడం కన్నా, ఒకే రైలు మూడు రకాల సిగ్నలింగ్ వ్యవస్థల మీదుగా సాఫీగా పోయేలా చేయడానికే ఎక్కువ కాలం పట్టింది. తెరిచాక మాత్రం అది బ్రిటన్‌లో రద్దీ ఎక్కువగా ఉండే మార్గాల్లో ఒకటయింది.

ప్రాముఖ్యం

కరోనాకు ముందు ముంబై లోకల్ రైళ్లు రోజుకు 75 లక్షలకు పైగా ప్రయాణికులను మోసేవి. అంతమందిని రోడ్డు మీద తరలించే మార్గం ఆ నగరానికి లేదు. అద్దె భరించగలిగే చోట ఇల్లు, జీతం దొరికేచోట ఉద్యోగం ఉండటం సబర్బన్ రైలు వల్ల సాధ్యమవుతుంది. నెలవారీ సీజన్ టికెట్ దీనికి ముఖ్య సాధనం.

దుష్ఫలితాలూ ఉన్నాయి. స్టేషన్ల చుట్టూ భూమి ధర పెరిగి పాత అద్దెదారులు దూరం జరగాల్సి రావచ్చు. సౌకర్యం పెరిగేకొద్దీ నగరం మరింత దూరం విస్తరిస్తుంది. సామర్థ్యం మించిన రద్దీ ప్రాణాలు తీస్తుంది. పట్టాలు దాటుతూ, కిక్కిరిసిన రైళ్ల నుంచి జారిపడి ముంబైలో ఏటా వందలాదిమంది చనిపోతున్నారు. పాదచారుల వంతెనలు, ప్రహరీలు, ఆటోమేటిక్ తలుపుల ఏసీ లోకల్ రైళ్లు ఈ మరణాలు తగ్గించేందుకు చేపట్టిన చర్యలు. కొత్త పథకాల్లో వీటిని తర్వాత చేర్చడం కాక, డీపీఆర్ దశలోనే వ్యయంలో చూపడం మొదలైంది.

*ఇవి కూడా చూడండి: ముంబై సబర్బన్ రైల్వే, చెన్నై ఎంఆర్‌టీఎస్, బెంగళూరు సబర్బన్ రైలు, ఢిల్లీ–మీరట్ ప్రాంతీయ వేగ రైలు, రైల్వే విద్యుదీకరణ*